కాజీగారి దఫ్తరు – ఖజానా బాధ్యత

పెండ్లి ఖర్చును గురించి మన సమాజంలో మాట్లాడనివారు లేరు. జోడే కీ రఖమ్ మొదలు వలీమా విందులో వడ్డించే వంటకాల సంఖ్య వరకు మౌల్వీలు మందలించినారు, సంస్కర్తలు ఖండించినారు, ఇటువంటి సంచికల పుటలలో విద్యార్థులు ఏటేటా ఆవేశపడుతూనే ఉన్నారు. అయితే ఆ విందు ముగిసిన మరునాడు మొదలయ్యే ఖర్చు మరొకటి ఉన్నది. ఫలానా తేదీన ఫలానా వారికి, ఇంత మహరుకు, ఈ సాక్షుల ఎదుట నిఖా జరిగినదని వ్రాసిన పుస్తకాన్ని యాభై అరవై ఏండ్లు చెదలు పట్టకుండ, వానకు తడవకుండ, అవసరమైన నాడు తీసి చూపగలిగేటట్లు కాపాడే ఖర్చు అది. పెండ్లికే కాదు, పెండ్లి తెగిపోయినప్పుడు వ్రాసే కాగితానికీ అదే ఖర్చు. దానిని ఎవరు భరించాలి? ప్రభుత్వ ఖజానా భరించాలన్నది మా అభిప్రాయం. అందుకు గల కారణాలను విద్యార్థి మిత్రుల ముందు, కళాశాల కమిటీ పెద్దల ముందు ఉంచుతున్నాము.

మొదట ఈ పుస్తకం ఎవరిదో తెలుసుకోవాలి. కోస్తా, రాయలసీమ ప్రాంతాలు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న కాలంలో, 1864వ సంవత్సరపు 11వ చట్టంతో ప్రభుత్వం కాజీలను నియమించే పని తనకు తగదని తప్పుకొన్నది. కాని సర్కారు నియమించిన కాజీ పెండ్లిలో ఉండడం ఆచారమైన చోట్ల జనం ఇబ్బంది పడినారు. పదహారేండ్లు తిరిగేసరికి ప్రభుత్వం మరల మెట్టు దిగవలసి వచ్చినది. సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ శాసన మండలి సభ్యుడుగా ప్రవేశపెట్టిన బిల్లు 1880లో 12వ చట్టంగా, అనగా కాజీల చట్టంగా వెలువడినది. అది చాల చిన్న చట్టం, మొత్తం నాలుగు సెక్షన్లు. ఒక ప్రాంతంలోని ముస్లింలు గణనీయమైన సంఖ్యలో కోరితే ప్రభుత్వం అక్కడ కాజీని నియమించవచ్చును. కాని ఆ నియామకం వలన ఆయనకు న్యాయాధికారం గాని పరిపాలనాధికారం గాని సంక్రమించదు. ఆయన లేనంత మాత్రాన నిఖా చెల్లకపోదు. ఆయన చేసే పని మరొకరు చేయకూడదనీ లేదు. జీతం ఊసు ఆ చట్టంలో ఎక్కడా లేదు. పుస్తకాలు ఏ బీరువాలో ఉండాలి, కాజీ కాలం చేసిన తరువాత ఎవరికి అప్పగించాలి అన్న మాటా లేదు. ప్రభుత్వం పేరు ఇచ్చినది, పైసా ఇవ్వలేదు.

తెలంగాణంలో కథ కొంత వేరు. హైదరాబాదు సంస్థానంలో కజాత్ వ్యవస్థ రాజ్య యంత్రాంగంతో ముడిపడి నడిచినది. నిఖా వివరాలు వ్రాసే పత్రాన్ని అక్కడ నేటికీ సియాహా అంటారు. తరువాతి కాలంలో వక్ఫు బోర్డులోని కజాత్ విభాగం ఆ సియాహాల ఆధారంగా వివాహ ధ్రువపత్రాలు ఇస్తూ వచ్చినది. వీసాల కోసం, దూరదేశంలో ఉన్న భర్తను చేరుకోవడం కోసం ఆ ధ్రువపత్రాన్ని పట్టుకొని తిరిగిన కుటుంబాలు పాతబస్తీలో ఎన్ని ఉన్నవో పాఠకులకు మేము చెప్పనక్కరలేదు. రెండు ప్రాంతాల చరిత్ర వేరైనా లోపం ఒక్కటే. వ్రాయడానికి ఒక మనిషి ఉన్నాడు, దాచడానికి ఒక స్థలం లేదు.

దాచడమంటే ఏమిటో కొంచెం విడమరచి చెప్పాలి, ఎందుకంటే ఖర్చు అంతా అక్కడే ఉన్నది. నిఖా నాడు చెల్లించే రుసుములో కాగితం, సిరా, కాజీగారి రాకపోకలు, వారి శ్రమకు కొంత ప్రతిఫలం సరిపోవచ్చును. కాని ఆ పుస్తకం నిండిన తరువాత కూడ బ్రతికి ఉండాలి. కాజీ పని చాలచోట్ల తండ్రి నుండి కొడుకుకు, అన్న నుండి తమ్మునికి వచ్చే పని. పుస్తకాలు ఆ ఇంటితో పాటే ఉంటవి. ఇల్లు పంచుకుంటే పుస్తకాలూ చీలిపోవచ్చును. ఇల్లు అమ్మితే అటక మీది మూట ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు. హైదరాబాదు తార్నాకలోని ప్రభుత్వ పురాభిలేఖాగారంలో షాజహాను, ఔరంగజేబు కాలపు దక్కను కాగితాలు భద్రంగా ఉన్నవి. అవి చేతితో చేసిన కాగితం మీద వ్రాసినవి కావడం ఒక కారణం, వాటికి గది, మనిషి, మందు, మరమ్మతు ఉండడం మరొక కారణం. మొగలుల సైనికుని జీతపు చిట్టా మూడువందల యాభై ఏండ్లు నిలిచినది. మన నాయనమ్మ నిఖానామా మిల్లు కాగితం మీద వ్రాసినది కావడంతో మడతల వద్ద పొడిపొడి అవుతున్నది. ఆమె ముని మనుమరాలికి అది దొరుకుతుందన్న భరోసా లేదు.

రుసుముతోనే ఈ పని అంతా నడపవచ్చును గదా, పెండ్లి చేసుకున్నవారే చెల్లిస్తే పోలేదా అని కొందరు అడుగుతారు. ఈ వాదం పైకి న్యాయంగానే కనిపిస్తుంది. దీనిలోని మెలిక కాలంలో ఉన్నది. పెండ్లినాడు రుసుము ఇచ్చేవారు ఇద్దరు పెద్దమనుషులు, రెండు కుటుంబాలు. పందిరి కింద వంద రూపాయలు అటో ఇటో ఎవరికీ పట్టదు. నలభై ఏండ్ల తరువాత నకలు కోసం వచ్చేది ఎవరు? కుటుంబ పింఛను కోసం వచ్చిన వితంతువు. భరణం దావా వేయవలసి వచ్చిన ఇల్లాలు. తండ్రి ఆస్తిలో వాటా అడిగితే "నీ తల్లికి నిఖా జరిగినట్లు రుజువేది" అనిపించుకున్న బిడ్డ. చేతిలో ఏమీ లేనివారి వద్ద వెతుకులాట రుసుము, నకలు రుసుము, తర్జుమా రుసుము, దారి ఖర్చులు వసూలు చేసే ఏర్పాటు ఇది. పుస్తకం ఏ ఊరిలో, ఎవరి ఇంట్లో ఉన్నదో తెలుసుకొనడానికే వారికి రెండు రోజుల కూలి పోతుంది.

పెండ్లి కాని వారు, బ్రహ్మచారులు పన్నుల రూపంలో ఇతరుల పెండ్లి పుస్తకాలకు ఎందుకు చెల్లించాలని ఒక విద్యార్థి అడగవచ్చును. సెంటు భూమి లేని కూలివాడు కూడ భూముల దస్తావేజులను కాపాడే కార్యాలయానికి పన్ను చెల్లిస్తున్నాడని మా సమాధానం. భూమి క్రయపత్రాన్ని సబ్ రిజిస్ట్రారు కార్యాలయం ఎంతో శ్రద్ధగా దాస్తుంది, ఎప్పుడో జరిగిన అమ్మకాలను సైతం వెలికి తీసి చూపుతుంది. స్టాంపు సుంకం ఖజానాకు మంచి రాబడి కనుక ఆ శ్రద్ధ. పెండ్లి మీద అటువంటి రాబడి లేదు. రాబడి లేనంత మాత్రాన అవసరం తక్కువ అనుకోరాదు.

ఇక ఈ కాగితం మీద ప్రభుత్వానికే ఎంత అక్కర ఉన్నదో చూడండి. తెలంగాణ ప్రభుత్వం 2014 అక్టోబరు 2న షాదీ ముబారక్ పథకాన్ని 51,000 రూపాయలతో ప్రారంభించినది. 2018 నాటికి ఆ మొత్తం 1,00,116 రూపాయలకు పెరిగినది. ఆంధ్రప్రదేశ్‌లో 2022లో షాదీ తోఫా పేరుతో అటువంటి పథకమే వచ్చినది. ఈ సాయాన్ని మేము తక్కువ చేసి మాట్లాడము. పేద ఇంటి ఆడపిల్ల తల్లికి అది చిన్న మేలు కాదు. అయితే ఒక్కొక్క పెండ్లికి లక్ష రూపాయలు ఇవ్వగలిగిన ప్రభుత్వం, ఆ పెండ్లి జరిగినదని నిలిచి చెప్పే పుస్తకానికి ఒక ఇనుప బీరువా ఇవ్వలేదా? పెండ్లికూతురు వయస్సు తెలియవలసినదీ ఆ పుస్తకం వల్లనే. 1991లో హైదరాబాదు నుండి బయలుదేరిన ఒక చిన్నపిల్ల విమానంలో ఏడుస్తుంటే, విమాన సిబ్బందిలోని ఒక యువతి గమనించి అడిగినందున, ఆమెను వృద్ధుడైన ఒక అరబ్బుకు కట్టబెట్టిన సంగతి దేశమంతటికీ తెలిసినది. వయస్సును నిజంగా తనిఖీ చేసి వ్రాసే పుస్తకం, ఆ పుస్తకాన్ని తనిఖీ చేసే అధికారి ఉన్నచోట అటువంటి పెండ్లి నిఖా మజ్లిస్‌లోనే ఆగిపోవాలి. విమానం దాకా పోరాదు.

చట్టాల లోటు మాత్రం లేదు. స్త్రీల పట్ల వివక్షను నిర్మూలించడానికి ఐక్యరాజ్య సమితి రూపొందించిన ఒడంబడికను 1993లో ధ్రువీకరించినప్పుడు మన దేశం ఒక ప్రకటన జతపరచినది. వివాహాలన్నింటినీ నమోదు చేయడం సూత్రంగా సమ్మతమే గాని, ఇంత విశాలమైన దేశంలో, ఇన్ని ఆచారాలు, ఇన్ని మతాలు, ఇంత నిరక్షరాస్యత ఉన్నచోట అది ఆచరణ సాధ్యం కాదని ఆ ప్రకటన సారాంశం. దీనిని సూటిగా చెప్పుకుంటే, ఆ ఖర్చు మేము పెట్టలేమని అర్థం. ఆంధ్రప్రదేశ్ 2002లోనే నిర్బంధ వివాహ నమోదు చట్టం చేసినది. 2006 ఫిబ్రవరిలో సీమా కేసులో సుప్రీం కోర్టు ఏ మతం వారి వివాహమైనా నమోదు కావాలని రాష్ట్రాలను ఆదేశించినది. 2017లో లా కమిషను తన 270వ నివేదికలో, ఆలస్యం చేసిన వారికి రోజుకు 5 రూపాయల చొప్పున, 100 రూపాయలకు మించకుండ, జరిమానా వేయవచ్చునని సూచించినది. నేటి ధరలలో అయిదు రూపాయలకు మా కళాశాల ఎదుటి హోటలులో సగం చాయ్ కూడ రాదు. జనం మీద భారం పడకూడదన్న సదుద్దేశం కమిషనుకు ఉన్నదని మేము గ్రహించినాము. జరిమానా ఎంత ఉండాలన్న దానిమీద పెట్టిన ఆలోచనలో నాలుగవ వంతు పుస్తకాలను ఎవరి డబ్బుతో దాచాలన్న దానిమీద పెట్టి ఉంటే మరింత సంతోషించేవాళ్లము.

పంచాయతీలోనో సబ్ రిజిస్ట్రారు వద్దనో నమోదు ఉన్నప్పుడు కాజీ పుస్తకంతో పని ఏమిటన్న ప్రశ్న తప్పక వస్తుంది. పని ఉన్నది. ప్రభుత్వ ధ్రువపత్రానికి కావలసినది పెండ్లి జరిగినదన్న సంగతి. నిఖానామా ఒక ఒప్పందం, అందులో షరతులు ఉంటవి, మహరు ఉంటుంది. మహరు భార్యకు భర్త పడిన బాకీ. బాకీని వ్రాసి ఉంచుకొమ్మని, సాక్షులను పెట్టుకొమ్మని, చిన్నదైనా పెద్దదైనా వ్రాయడానికి విసుగు పడవద్దని బఖరా సూరాలోని 282వ ఆయతు ఆదేశిస్తున్నది. ఖురానులో అన్నింటికంటె దీర్ఘమైన ఆయతు అదే అన్న సంగతి మన విద్యార్థులకు తెలియనిది కాదు. ఆ బాకీ పత్రాన్ని చెదలకు వదలివేసి, మహరు స్త్రీ హక్కు అని సభలలో ఉపన్యసించడం మాకు మింగుడు పడదు.

మహరు విషయంలో భాషకు సంబంధించిన చిక్కు ఒకటి ఉన్నది. ఉర్దూ విద్యార్థులు దీనిని వెంటనే గుర్తిస్తారు. వెంటనే చెల్లించవలసిన మహరును ముఅజ్జల్ అంటారు. వాయిదా మీద చెల్లించే మహరునూ ముఅజ్జల్ అనే అంటారు. మొదటిది ఐన్ అక్షరంతో వ్రాసేది, రెండవది హమ్జాతో వ్రాసేది. ఉర్దూ లిపిలో చూస్తే అర్థంలో పొరపాటుకు తావు లేదు. చెవితో వింటే మన నోళ్లలో రెండూ ఒకటే. తెలుగులోనో ఇంగ్లీషులోనో ఎత్తి వ్రాస్తే తేడా పూర్తిగా మాసిపోతుంది. తేడా తెలియని గుమాస్తా తర్జుమా చేసిన నకలును కోర్టులో దాఖలు చేస్తే, ఈనాడే రావలసిన సొమ్ము ఎప్పుడో రావలసిన సొమ్ముగా మారిపోవచ్చును. ఒక్క అక్షరం మీద ఒక స్త్రీ జీవనాధారం ఆధారపడి ఉన్నది. ఈ తర్జుమాకు రుసుము ఆమె ఎందుకు చెల్లించాలి? తెలంగాణలో 2017లో, ఆంధ్రప్రదేశ్‌లో 2022లో ఉర్దూ రాష్ట్రమంతటికీ రెండవ అధికార భాష అయినది. అధికార భాషలో ఉన్న పత్రాన్ని ప్రభుత్వ కార్యాలయమే చదువుకోవాలి. చదవలేకపోతే చదవగలవారిని నియమించుకోవాలి. పౌరురాలిని తర్జుమా తెచ్చుకొమ్మని పంపడం రెండవ అధికార భాష అన్న మాటకు అర్థం లేకుండ చేయడమే.

విడాకుల దగ్గరకు వస్తే పరిస్థితి మరింత అగమ్యగోచరంగా ఉన్నది. హిందువులకు, క్రైస్తవులకు విడాకులు సాధారణంగా కోర్టు డిక్రీతో వస్తవి కనుక డిక్రీయే రికార్డు. అది కోర్టు రికార్డు గదిలో ప్రభుత్వ ఖర్చు మీదనే ఉంటుంది. ఇది గమనార్హం. ముస్లింలకు కోర్టు వెలుపల కూడ వివాహం రద్దు కావచ్చును. ఆ కాగితం ఎక్కడ ఉంటుంది? కాజీలు తలాకును ధ్రువీకరిస్తూ ఇచ్చే పత్రాలు చట్టరీత్యా చెల్లవని, అటువంటి పత్రాలు ఇవ్వరాదని, 1880 చట్టంలోని నాలుగవ సెక్షనును ఎత్తి చూపుతూ మద్రాసు హైకోర్టు 2017 జనవరిలో ఆజ్ఞాపించినది. ఆ ఏడే ఆగస్టు 22న సుప్రీం కోర్టు ఒక్క ఊపులో చెప్పే మూడు తలాకులను కొట్టివేసినది. 2019 చట్టం దానిని మూడేండ్ల వరకు జైలుశిక్షకు తగిన నేరం చేసినది. ఖులా కోరే హక్కు స్త్రీకి సంపూర్ణంగా ఉన్నదని, ముఫ్తీ ఇచ్చే పత్రం అందుకు అనివార్యం కాదని తెలంగాణ హైకోర్టు 2025 జూన్‌లో తీర్పు చెప్పినది. ఈ తీర్పుల మంచిచెడ్డలను గురించి మనలో భిన్నాభిప్రాయాలు ఉన్నవి, ఇక్కడ వాటి జోలికి పోము. మా వాదన ఇంతే. కాజీ పత్రం చెల్లదన్నప్పుడు, ముఫ్తీ పత్రం అక్కరలేదన్నప్పుడు, చెల్లే పత్రం ఏదో, అది ఏ కార్యాలయంలో దొరుకుతుందో చూపే బాధ్యత ఆ మాట అన్న రాజ్యం మీదనే పడుతుంది. మరల పెండ్లి చేసుకోదలచిన స్త్రీ తాను స్వతంత్రురాలినని దేనితో రుజువు చేసుకోవాలి?

2011 జనగణనలో విడాకులు పొందినవారు దేశం మొత్తం మీద సుమారు 13.6 లక్షలు, విడాకులు లేకుండ విడిగా బ్రతుకుతున్నవారు సుమారు 35 లక్షలు. అన్ని మతాలవారూ కలిసిన లెక్క ఇది. కాగితం ఉన్నవారికంటె కాగితం లేనివారు రెండున్నర రెట్లు ఉన్నారు. కోర్టుకు పోలేకనో, పోవడం ఇష్టం లేకనో వీరు మధ్యలో నిలిచిపోయినారు. రికార్డు సులభంగా, చవకగా దొరికితే వీరిలో కొందరైనా గట్టు ఎక్కుతారని మా నమ్మకం.

ఇతరులు ఏమి చేసినారు? 1872 క్రైస్తవ వివాహ చట్టం ప్రకారం పాదిరి తన రిజిష్టరులో వ్రాసుకొంటాడు, దాని ప్రతి ప్రభుత్వానికి పోతుంది. పాదిరి పాదిరిగానే ఉన్నాడు, చర్చి చర్చిగానే ఉన్నది, నకలు మాత్రం సర్కారు బీరువాలో చేరినది. బంగ్లాదేశ్‌లో 1974 చట్టం కింద లైసెన్సు పొందిన నిఖా రిజిస్ట్రారు జీతం లేకుండ, మహరును బట్టి లెక్కించే రుసుముతో బ్రతుకుతాడు. అయినా రిజిష్టరు నిండిన తరువాత దానిని ప్రభుత్వ రిజిస్ట్రారుకు అప్పగించవలసినదే. అస్సాంలో 1935 నాటి ముస్లిం వివాహ, విడాకుల నమోదు చట్టాన్ని 2024లో రద్దు చేసినప్పుడు, దాని కింద పనిచేస్తున్న 94 మంది రిజిస్ట్రార్లకు తలా రెండు లక్షల రూపాయలు ఒక్కసారి పరిహారంగా ఇవ్వాలని మంత్రివర్గం నిర్ణయించినది. వ్యవస్థను మూసివేయడానికి ఖజానా నుండి డబ్బు దొరికినది గదా, నడపడానికి ఎందుకు దొరకదు?

నిఖా పుస్తకాలు సర్కారు చేతికి పోతే షరీఅత్ మీద దాడి జరుగుతుందని భయపడే పెద్దలున్నారు. ఆ భయాన్ని మేము తేలికగా కొట్టివేయము. నేటి వాతావరణంలో దానికి కారణాలున్నవి. అందుకే అసలు పుస్తకం కాజీ వద్దనే ఉండాలని, ప్రభుత్వానికి రెండవ ప్రతి మాత్రమే పోవాలని అంటున్నాము. మరొక జాగ్రత్త కూడ అవసరం. హిందూ వివాహ చట్టం కింది రిజిష్టరును ఎవరైనా చూడవచ్చును. పెండ్లికి అది తగునేమో గాని విడాకుల పుస్తకాన్ని ఊరందరి ముందు తెరచి ఉంచడం మాకు సమ్మతం కాదు. ఆ పుట సంబంధించిన ఇద్దరికి, వారి సంతానానికి, కోర్టుకు మాత్రమే కనిపించాలి.

మా కోరికలు పెద్దవి కావు. అచ్చు వేసిన రెండు ప్రతుల రిజిష్టర్లు ప్రభుత్వమే ఉచితంగా ఇవ్వాలి. రెండవ ప్రతిని ఏడాదికొకసారి జిల్లా రిజిస్ట్రారు రశీదు ఇచ్చి తీసుకోవాలి. భార్యకు మొదటి నకలు, దాని తెలుగు తర్జుమాతో సహా, రుసుము లేకుండ అందాలి. పాత పుస్తకాలను కాజీల ఇండ్ల వద్దనే ఫొటోలు తీసి, పుస్తకాలను వారికే తిరిగి ఇవ్వాలి. ఫొటోలు తీసి కంప్యూటరులో వేస్తే పని అయిపోయినదని అధికారులు అనుకొంటారు. పేర్ల పట్టిక లేని పదివేల ఫొటోలు తాళంచెవి పోయిన పెట్టె వంటివి. ఆ పట్టికను తయారు చేయాలంటే తొందరగా వ్రాసిన షికస్తా దస్తూరిని చదివి, తండ్రి పేరును, ఊరి పేరును తప్పు లేకుండ తెలుగులోకి ఎత్తగలవారు కావాలి. రెండు భాషలూ వచ్చినవారు ఏటేటా తగ్గిపోతున్నారు. ఉన్నవారిలో కొందరు ఈ కళాశాల బెంచీల మీదనే కూర్చున్నారు.

కనుక కమిటీ పెద్దలకు ఒక విన్నపం. వచ్చే విద్యా సంవత్సరంలో ఉర్దూ, తెలుగు శాఖలు కలిసి వారానికి రెండు గంటలు పాత చేతివ్రాత చదవడం నేర్పడానికి అనుమతించండి. మన పట్టణ కాజీగారు అంగీకరిస్తే ఒక్క పుస్తకాన్ని, అన్నింటికంటె శిథిలమైన దానిని, వారి ఇంటిలోనే కూర్చుండి విద్యార్థులు పేర్ల పట్టిక కట్టవచ్చును. ఆ పనికి ఎన్ని గంటలు పట్టినవి, ఎంత కాగితం, ఎంత ఖర్చు అయినది లెక్క వ్రాసి జిల్లా రిజిస్ట్రారుకు పంపవచ్చును. ఖజానా నుండి ఎంత అడగాలో అప్పుడు అంకెతో సహా అడుగుతాము.